మూరెడు దూరం

వెన్నెల మేస్త్రి తన చందమామను తన చేత్తోనే తగలబెట్టుకున్నాడని ఊళ్లో చెప్పుకుంటారు.

చెప్పేవాళ్లంతా దగ్గరుండి చూసినట్టే చెబుతారు. నాటకాల హాలు మూసేసే రోజట. ఆఖరి ఆటట. అడవి తెర మీద చందమామ నిండుగా వెలుగుతుండగా దాని నడుమ గోధుమరంగు మచ్చ ఒకటి పుట్టి, చూస్తూండగానే నల్లబడి, చిల్లుపడి, చిల్లు చుట్టూ మంట లేచిందట. ఆ చిల్లులోంచి మేస్త్రి మొహం కనబడిందట, చేతిలో లాంతరుతో. నవ్వుతున్నాడని కొందరంటారు, కళ్లనీళ్లు కారుతున్నాయని కొందరంటారు. తెరను ఇంకో కంపెనీవాళ్లకు ఇచ్చేస్తున్నారని తెలిసి, తన వెన్నెల పరాయి గోడకు వేలాడటం చూడలేక అంత పని చేశాడన్న మాటలో మాత్రం ఎవరికీ తేడా లేదు.

సెలూన్‌లో ఈ కథ మరీ బాగా నడుస్తుంది.

"కళాకారుడంటే ఆయనండీ," అంటాడు సెలూన్ ఆయన, కత్తి గాల్లో ఆపి. "మనకి చిరిగిన చొక్కా పారెయ్యాలంటేనే ప్రాణం ఒప్పదు. ఆయన పదకొండేళ్ల చందమామకి అగ్గి పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచిపోయాడు."

ఒకసారి ఆ మాట అంటున్నప్పుడు కత్తి కింద ఉన్న గడ్డం మేస్త్రిదే. సెలూన్ ఆయన ఊరికి కొత్త, మనిషిని ఎరగడు. పైగా మేస్త్రి మొహం నిండా నురగ.

"కదలకండి, తెగుతుంది," అన్నాడు సెలూన్ ఆయన.

మేస్త్రి కదల్లేదు. కాదనలేదు కూడా.

మొదట్లో ఆయన అంగళ్లకి బోర్డులు రాసేవాడు. తాడు కట్టి కొలవకుండా అక్షరాలన్నీ ఒకే ఎత్తులో రాస్తాడని పేరుండేది. పెళ్లయ్యాక ఒక గది, ఒక వరండా ఉన్న ఇంట్లో కాపురం పెట్టారు. గదిలో ఆయన రంగు డబ్బాలు, వరండాలో ఆవిడ కుట్టుమిషను. దిండు గలీబులు, కిటికీ తెరలు, స్కూలు పిల్లల బట్టలు కుట్టేది. ఆవిడ దగ్గర మాట చప్పుడు తక్కువ, మిషను చప్పుడు ఎక్కువ. నోరు విప్పిందంటే మాత్రం సూది దిగినట్టే ఉండేది.

నాటకాల కంపెనీ యజమానిని అందరూ పెద్దాయన అని పిలిచేవాళ్లు. ఆయన ఒకరోజు బోర్డు రాయించుకోవడానికి వచ్చి, గోడకి ఆరబెట్టిన బొమ్మలు చూసి, వచ్చిన పని మర్చిపోయాడు.

"మేస్త్రీ, నాకొక అడవి కావాలి. వెన్నెల్లో అడవి. స్టేజీ ఈ చివర నుంచి ఆ చివర దాకా."

"అడవి నేనెప్పుడూ చూళ్లేదండీ."

"చూసినవాళ్లెవరూ టికెట్టు కొనుక్కుని రార్లే. గియ్యి."

అంత వెడల్పు గుడ్డ ఏ మిల్లులోనూ రాదు. ముతకగుడ్డ తానులు తెచ్చి, తొమ్మిది నిలువు పట్టీలుగా కోసి, ఒకదానికొకటి కలిపి కుట్టింది ఆవిడ. ఎనిమిది కుట్లు. మిషను వరండాలో ఉంటే గుడ్డ మెట్ల మీంచి కిందికి దిగి, మలుపు తిరిగి, పక్కింటి గుమ్మం దాకా పోయింది. "మీ ఆవిడ ఓడకి తెరచాప కుడుతోందా ఏమిటి?" అని వీధిలో ప్రతివాళ్లూ అడిగారు. మూడో కుట్టు దగ్గర గుడ్డ తన బరువుకి తనే జారి, కుట్టు పైకి వెళ్లేసరికి జానెడు పక్కకి వంగింది.

"విప్పి మళ్లీ కుడతానండీ," అంది ఆవిడ.

"రేపు జిగురూ సుద్దా పూత పడాలి. విప్పడానికి టైమేదీ?"

పూత పడింది. ఆరింది. ఆరాక చూస్తే ఎనిమిది కుట్లూ ఎముకల్లా పైకి లేచి ఉన్నాయి. ఏం గీసినా ఆకాశానికి పక్కటెముకలు వచ్చేట్టున్నాయి. మేస్త్రి రెండు రోజులు తల పట్టుకుని మంచం కోడు దగ్గర కూర్చున్నాడు. అడ్వాన్సు తిరిగిచ్చేద్దామన్నాడు. అన్నం సహించడం లేదన్నాడు.

ఆవిడ మిషను ఆపకుండానే అంది: "కుట్టున్న చోటల్లా చెట్టు పెట్టండి."

"ఏంటీ?"

"చెట్టు మాను మీద నిలువు గీతలుంటాయి కదా. దాని కింద కుట్టుంటే ఎవడు చూడొచ్చాడు?"

మేస్త్రి ముందు నవ్వాడు. తర్వాత లేచి, కుంచెని పొడుగు కర్రకి కట్టి, చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి హాలుకి వెళ్లాడు. ఎనిమిది కుట్లు, ఎనిమిది చెట్లు. కుట్టు వంగిన చోట చెట్టూ వంగింది. తెర ఎత్తిన రోజున పెద్దాయన ఆ మూడో చెట్టు ముందే చాలాసేపు నిలబడ్డాడు.

"ఈ చెట్టు వంగడంలో ఏదో భావం ఉంది మేస్త్రీ. చందమామ చెప్పేది వింటున్నట్టుంది."

"ఊఁ," అన్నాడు మేస్త్రి.

ఆ ఊఁ తర్వాత ఆయనకి అలవాటైంది.

అంతకుముందు చందమామతో ఇంకా ఎక్కువ తంటా వచ్చింది. గుండ్రంగా రావడానికి ఆవిడ బట్టలు నానబెట్టే తొట్టిని బోర్లించి చుట్టూ గీత గీశాడు. తెల్లరంగు వేశాడు. తెర పైకెత్తి చూస్తే గోడకి కాగితం అతికించినట్టుంది. ఇంకో పూత వేశాడు, సున్నం కారినట్టుంది. ఆఖరికి విసుగెత్తి ఆ గుండ్రాన్ని కత్తెరతో కోసి పారేశాడు. కోసిన చిల్లుకి ఆవిడ తన దగ్గరున్న పలచటి లైనింగ్ గుడ్డ వేసి కుట్టింది. కింద వాగు పారాల్సిన చోట కూడా సన్నగా కోసి అదే గుడ్డ వేశారు. రెండింటికీ నూనె పూశారు. వెనక కరెంటు బల్బు పెడితే చందమామ ఆస్పత్రి వరండాలా వెలిగింది. లాంతరు పెట్టి, ముందు దీపాలు తగ్గించి, మేస్త్రి హాలు వెనక గోడ దాకా పోయి చూశాడు. లాంతరు లేనప్పుడు అది బూడిదరంగు గుడ్డ. లాంతరు వెలిగితే ఆకు ఆకుకీ అంచు వచ్చింది, చెట్ల మధ్య ఎంత దూరమో తెలిసింది.

మేకుకి తగిలిస్తే వెలుగు ఒక పక్కకే పడుతోంది. మొదటి ఆటకి ఇంకా గంటే ఉంది.

"ఇవాళ్టికి నువ్వు పట్టుకో," అన్నాడు భార్యతో. "రేపు స్టాండు చేయిస్తాను."

అడవి రంగం ఇరవై నిమిషాలు. పదో నిమిషానికి ఆవిడ కుడిచెయ్యి లాగేసింది. లాంతరు మెల్లగా ఎడంచేతిలోకి మార్చుకుంది. వెలుగు జరిగింది. ముందు కూర్చున్నవాళ్లకి వాగులో నీళ్లు కదిలాయి, చందమామ మీంచి మబ్బు వెళ్లింది. హాలు హాలంతా ఒక్కసారిగా "హా" అంది.

మేస్త్రి వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. "ఏం చేశావ్?"

"చెయ్యి మార్చుకున్నానండీ. నొప్పెట్టింది. చెడిందా?"

"చెడటమా! రోజూ మార్చు!"

స్టాండు చేయించాడు. ఇనుపది, మంచిది. దాని మీద పెడితే చందమామ కదలదు, వాగు పారదు. వారం తిరక్కుండా ఆ స్టాండు మీద పెద్దాయన గొడుగు ఆరేసుకోవడం మొదలుపెట్టాడు. 'ఇవాళ్టికి' అన్న మాట పదకొండేళ్లు నడిచింది.

వారానికి రెండు ఆటలు, శనివారం, ఆదివారం మధ్యాహ్నాలు. కిటికీలకి నల్లగుడ్డలు కట్టి హాలుని చీకటి చేసేవాళ్లు. తలుపులు తెరవకముందే ఆవిడ వెనక గుమ్మంలోంచి లోపలికి వెళ్లేది, జనం పోయాక బయటికి వచ్చేది. ఎవరైనా చూస్తే మేస్త్రికి క్యారియర్ తెచ్చిందనుకునేవాళ్లు. తెర వెనక ఆవిడతో పాటు ఉండేది ఒక్క మనిషే: తాళ్లు లాగే ముసలాయన. తాడు తాత అనేవాళ్లు. ఆయన చెవులు మందం, నోరు మాత్రం చురుకు.

వెనక నుంచి ఆవిడకి కనబడేది నూనె మరకల గుడ్డ, తన కుట్ల తిరగవైపు. ముందేం జరుగుతోందో చెవులతోనే తెలుసుకునేది. దగ్గులు, కుర్చీల కిర్రులు వినబడితే వెన్నెల చాలడం లేదని లాంతరు కాస్త దగ్గరికి జరిపేది. హాలు ఊపిరి బిగబడితే అక్కడే ఆపేది. ఎంత జరిపినా గుడ్డకీ గ్లాసుకీ మధ్య మూరెడు దూరం ఉండాల్సిందే. నూనె గుడ్డ, వేడి పైకి కొడుతుంది. ఈ సంగతులు ఆవిడకెవరూ చెప్పలేదు, ఆవిడా ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లు లేరు.

ఊళ్లో మాత్రం ఆ వెన్నెల రంగులో ఏం కలిపాడన్న దాని మీద వాదనలు జరిగేవి. ముత్యాల పొడి అన్నారు. మిణుగురులన్నారు. ఎవడో ఒకడు చేప పొలుసు అన్నాడు. మేస్త్రి వీధిలో పోతుంటే ఆపి అడిగేవాళ్లు.

"నిజం చెప్పండి మేస్త్రీ, ముత్యాలేనా?"

"ఊఁ," అనేవాడు నవ్వుతూ.

పెద్దాయనకీ అది నచ్చింది. "చెప్పొద్దు. తెలిస్తే అందరూ లాంతర్లు పట్టుకు తిరుగుతారు," అని తెర వెనక గుమ్మానికి లోపల గడియ పెట్టించాడు. వెన్నెల మేస్త్రి అన్న పేరు అప్పుడే వచ్చింది. బోర్డుల మీద పేర్లు రాసి రాసి అలసిపోయిన మనిషికి తనకంటూ ఒక పేరు రావడం ఎలా ఉంటుందో ఆ పేరు వచ్చినవాళ్లకే తెలుస్తుంది. ఆయన నడక కూడా మారింది. వాడిన చొక్కా మీద రంగు మచ్చలు ఉతికించుకోవడం మానేశాడు.

ఆవిడ మొదటిసారి అడిగింది రెండో ఏట. చెల్లెలు నాటకం చూసి నేరుగా ఇంటికి వచ్చిన రోజు.

"మా చెల్లి ఏడ్చిందటండీ, ఆ అడవి చూసి. నేను కుట్టిన గుడ్డ చూసి ఊరంతా ఏడుస్తుంటే నేనొక్కదాన్నే కిరసనాయిలు వాసన పీలుస్తున్నా. ఒక్కసారి ముందు కూర్చుంటాను."

"కూర్చుందువుగాని. లాంతరెవరు పడతారు?"

"తాతకిస్తాను. ఇరవై నిమిషాలేగా."

"ఆయన చేతులు వణుకుతాయే. ఇంకొకళ్లని పెడితే ఊరంతా తెలిసిపోతుంది. కాస్త ఆగు, ఏదో ఒకటి చూద్దాం. అడవి ఎక్కడికి పోతుంది?"

ఆ జవాబులో అబద్ధమేమీ లేదు. అందుకే మేస్త్రి దాన్ని అన్నేళ్లు వాడుకోగలిగాడు. నాలుగో ఏట అదే అన్నాడు. ఆరో ఏట ఆవిడ అడగబోతుంటే తనే ముందు అనేశాడు. మీరైనా పట్టుకోవచ్చుగా అని ఆవిడ ఒక్కసారీ అనలేదు. ఆయనకీ తట్టలేదు. ఆట జరుగుతున్నప్పుడు ఆయన చోటు హాలు వెనక గోడ దగ్గర, జనం తలల మీదుగా తన చందమామ కనబడే చోట. "హా" అన్న మాట వినకపోతే ఆ వారం ఆయనకి నిద్రపట్టేది కాదు.

ఒక శనివారం చందమామ వణికింది. రంగం మొదలైన దగ్గర్నుంచి సన్నగా, గాలికి వణికినట్టు వణుకుతూనే ఉంది. వాగు కూడా ఎప్పుడూ లేనంతగా అలలు వేసింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మేస్త్రి ఇంటికి వెళ్లే దారంతా అదే మాట్లాడాడు.

"ఇవాళ ఏం పట్టావే! అది ఎలా చేశావో రేపు కూడా అలాగే చెయ్యి."

ఆవిడ "సరేనండీ" అంది. ఇంటి దగ్గర తాళంచెవి అందుకోబోయి ఆయన ఆవిడ చెయ్యి ముట్టుకున్నాడు. కాలిపోతోంది. జ్వరం పొద్దుటి నుంచీ ఉందట. తాడు తాత చూశాడట, వద్దన్నాడట. మర్నాడు ఆవిడే వెళ్లింది. మేస్త్రి ఆపాడు, కానీ ఆపినవాడు గట్టిగా ఆపలేదు. ఆ సంగతి ఆయనకి తర్వాత చాలా ఏళ్లు గుర్తొచ్చేది, గడ్డం గీసుకుంటున్నప్పుడు, బోర్డు ఆరేదాకా కూర్చున్నప్పుడు.

పదకొండో ఏట హాలు మూతపడింది. గోదాములు కట్టుకునేవాళ్లు కొనుక్కున్నారు. కంపెనీ చెదిరిపోయింది. సామాను తలా కొంత తీసుకున్నారు; అడవి తెరను పొరుగూరి కంపెనీవాళ్లు అడిగారు, పెద్దాయన సరేనన్నాడు. ఆఖరి ఆట ఆదివారం మధ్యాహ్నం.

ఆ పొద్దున మేస్త్రి తెర వెనక నిలబడి, మొట్టమొదటిసారి కుట్ల తిరగవైపు పరీక్షగా చూశాడు. పదకొండేళ్లలో నాలుగుచోట్ల నూనె గుడ్డ మార్చి కుట్టి ఉంది. ఆవిడ ఎప్పుడు కుట్టిందో ఆయనకి తెలియదు. నిలబడే చోట నేల చెక్క రెండు అడుగుల మేర నున్నగా అరిగి ఉంది. ఆయన ఇంటికి వచ్చి, మిషను ముందు నిలబడి అన్నాడు:

"ఇవాళ నువ్వు ముందు కూర్చో. లాంతరు నేను పడతాను."

మిషను ఆగింది.

"మీరా?"

"ఏం, పట్టలేననుకుంటున్నావా?"

"అలా కాదండీ," అంది. అని లేచి, పెట్టెలోంచి మంచి బట్టలు తీసింది. ఆ బట్టలు మడత విప్పడం చూస్తుంటే వాటిని ఎప్పుడో ఇందుకే అనుకుని పెట్టుకుందని మేస్త్రికి అర్థమైంది. తల దించుకున్నాడు.

హాలు దగ్గర ఆవిడ లాంతరు వెలిగించి ఆయన చేతిలో పెట్టింది.

"మూరెడు దూరం. ఇదిగో ఇంత. దగ్గరికి పోవద్దు. గ్లాసు వాలనివ్వకండి. చెయ్యి మార్చుకునేటప్పుడు మెల్లగా. వెన్నెల చాలుతోందో లేదో కళ్లతో చూడకండి, వెనక నుంచి అది ఎప్పుడూ తక్కువగానే కనబడుతుంది. వినండి."

"ఏం వినాలి?"

"జనాన్ని."

"నేను గీసిన చందమామ గురించి నాకే చెబుతున్నావా? వెళ్లి కూర్చో, సీటు పోతుంది."

తాడు తాత తాడు పట్టుకునే నవ్వాడు. "వెళ్లమ్మా, వెళ్లు. ఇవాళ మీ ఆయన అసలు పని నేర్చుకుంటాడు."

ఆవిడ వెళ్లి మూడో వరసలో కూర్చుంది. చెల్లెలు పక్కన. తెర లేచింది.

మేస్త్రి లాంతరు ఎత్తాడు. నూనె గుడ్డ మీద మసకగా, పచ్చగా ఒక మరక కనబడింది. పదకొండేళ్లు తను చూసిన చందమామ ఇదేనా అనిపించింది. ఇంత గుడ్డిగా ఉంటే ఆవిడకేం కనబడుతుంది? ఒక్కసారి చూడటానికి వచ్చిన మనిషికి ఈ పాచి వెలుగా? కాస్త దగ్గరికి జరిపాడు. ఇంకా చాల్లేదు. ఆయన కంటితో బతికినవాడు. చెయ్యి కన్ను చెప్పినట్టే వింటుంది. హాలు ఎప్పుడో ఊపిరి బిగబట్టింది, పిన్ను పడితే వినబడేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దమే 'వెన్నెల చాలు' అని చెప్పడమని ఆయనకి తెలియదు. ఇంకాస్త జరిపాడు. కుడిచెయ్యి లాగింది. పళ్లు బిగించి అలాగే పట్టాడు. గ్లాసు వాలింది.

ముందు వాసన వచ్చింది. తర్వాత చందమామ నడుమ గోధుమరంగు మచ్చ.

మచ్చ నల్లబడి విచ్చుకుంది. విచ్చుకున్న చోట చుట్టూ ఎర్రటి అంచు. ఆ చిల్లులోంచి మేస్త్రికి మొట్టమొదటిసారి హాలు ఎదురుగా కనబడింది: వందల మొహాలు, అన్నీ తనకేసే. మూడో వరసలో ఆవిడ సగం లేచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది.

తాడు తాత ముందు తెర దింపేశాడు, ఇసుక బకెట్టు విసిరాడు. ఎవరికీ ఏం కాలేదు. చందమామ ఉన్న చోట నల్లటి అంచుతో చిల్లు, వాగు పక్క చెట్టు మొదలంటా మసి. జనం, ఎందుకో, చప్పట్లు కొట్టారు.

పెద్దాయన వెనక్కి వచ్చి చిల్లు చూశాడు, మేస్త్రిని చూశాడు, లాంతరు చూశాడు. ఆయనకి ఆవిడ సంగతి తెలుసు. కానీ ఆవిడ ఇవాళ జనంలో కూర్చుని ఉందని తెలియదు. ఎప్పుడూ ఉండే మనిషి లేకుండా, మేస్త్రే లాంతరు పుచ్చుకుని ఉండటం చూసి తనకి తోచినట్టు అనుకున్నాడు.

"పరాయివాళ్లకి ఇవ్వడం ఇష్టంలేకపోతే నాతో చెప్పొచ్చుగా మేస్త్రీ," అన్నాడు, కోపంగా మొదలుపెట్టి, చివరికి గొంతు మెత్తబడి. "అంత పౌరుషమా నీకు!"

మేస్త్రి నోరు తెరిచాడు. పట్టుకోవడం రాలేదండీ అనాలి. రెండు మాటలు. బయటికొచ్చింది ఒకటే.

"ఊఁ."

ఇంటికి వెళ్లాక ఆవిడ మంచి బట్టలు మార్చుకుని, ఆయన చేతి మీద బొబ్బకి తడిగుడ్డ చుట్టింది. ఆయన అడిగాడు.

"ఎలా ఉంది?"

"ఏది?"

"అడవి."

ఆవిడ ముడి వేస్తూ ఆలోచించింది. "మూడో చెట్టు వంకరగా ఉంది. అది నా కుట్టే."

"చందమామ?"

"మీరు దగ్గరికి పట్టుకున్నారండీ. మొదట్లోనే తెలిసిపోయింది నాకు. జరపండి, జరపండి అని లోపల అనుకుంటూ కూర్చున్నా. లేచి అరుద్దామంటే, అందరికీ తెలిసిపోతుంది కదా, వెనక లాంతరుందని. అరవనా మాననా అనుకుంటుండగానే అంటుకుంది."

"అంటే చూళ్లేదా?"

"చూశానుగా."

"అడవిని?"

"వెలుగునే చూశానండీ. ఎక్కువవుతోందా తక్కువవుతోందా అని. మిగతాది చూడ్డానికి తీరలేదు."

మేస్త్రి అన్నం తినలేదు. ఆవిడే కాసేపటికి నవ్వింది. "పోనీలెండి. పౌరుషం కొద్దీ కాల్చాడంటున్నారు బయట. పట్టుకోవడం రాక కాల్చాడనే కన్నా బాగుంది కదా. ఉండనీండి."

అలా అది కూడా ఆవిడే ఇచ్చింది ఆయనకి.

ఆ పేరుతో ఆయనకి పని పెరిగింది. వెన్నెల మేస్త్రి చేత బోర్డు రాయించుకోవాలని పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చేవాళ్లు. ఇంకో అడవి గీస్తానన్నాడు ఆవిడతో. చిన్నది, మన గది గోడంత. వెనక లాంతరు ఎవరో ఒకరు పడతారు, నువ్వు మంచం మీద కూర్చుని చూద్దువుగాని. ఆవిడ గుడ్డ తెచ్చి వారంలో కుట్టి, మడతపెట్టి, డబ్బాల పక్కన పెట్టింది. ఈ నెల రెండు బోర్డులున్నాయి, వచ్చే నెల చూద్దాం అన్నాడు. వచ్చే నెల నాలుగున్నాయి. అడవి ఎక్కడికి పోతుంది అనబోయి ఒకసారి నాలుక కరుచుకున్నాడు. కానీ గుడ్డ మడత విప్పలేదు.

హాలు మూతపడిన నాలుగో ఏట ఆవిడ ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. అన్నేళ్లు ఆ పొగ పక్కన నిలబడటం వల్లేనా అని మేస్త్రి డాక్టరుని అడిగాడు. చెప్పలేమన్నాడు డాక్టరు. అవునంటే ఒకలా ఉండేది, కాదంటే ఒకలా ఉండేది.

అన్నీ అయిపోయాక, ఒక పొద్దున, మేస్త్రి ఆ గుడ్డ మడత విప్పి నేల మీద పరిచాడు. ఐదు పట్టీలు, నాలుగు కుట్లు. ఆవిడ కుట్టు తాడు కట్టినట్టు ఉంటుంది, ఆయన అక్షరాల్లాగే. నాలుగింట్లో మూడు అలాగే ఉన్నాయి. మూడోది మాత్రం కింద నుంచి పైకి పోయేసరికి జానెడు పక్కకి వంగి ఉంది. జారి వంగింది కాదు. ముందు సుద్దముక్కతో గీత గీసుకుని, ఆ గీత మీదే, ఒక్క పోగు తప్పకుండా కుట్టింది.

మేస్త్రి చెప్పులు విప్పి ఆ గుడ్డ మీదికి వెళ్లి, ఆ కుట్టు పక్కన కూర్చున్నాడు. కుంచె తియ్యలేదు. ఎవరు చూడాలని గియ్యాలి? గుడ్డ ఇప్పటికీ ఉంది. ఏడాదికోసారి ఎండలో వేసి, దులిపి, అదే మడతల మీద మడిచి పెడతాడు.

మొన్న మళ్లీ సెలూన్‌కి వెళ్లాడు. కుర్చీ వెనక బెంచీ మీద ఎవరో కొత్తవాళ్లు కూర్చుని ఉన్నారు. సెలూన్ ఆయనకి వినేవాళ్లు దొరికితే ఆగడు. ఆఖరి ఆట, గోధుమరంగు మచ్చ, చిల్లులో మొహం, అన్నీ వరసగా వచ్చాయి.

"తన చేత్తోనే కాల్చుకున్నాడండీ! అంత పౌరుషం."

"పౌరుషం కాదు," అన్నాడు మేస్త్రి నురగలోంచి. "పట్టుకోవడం రాక."

కత్తి ఆగింది. "ఏంటండీ?"

"లాంతరు. ఎలా పట్టుకోవాలో రాదు ఆయనకి."

"ఊరుకోండి బాబూ. పదకొండేళ్లు ఆడించిన మనిషికి రాకపోవడమేంటి?"

మేస్త్రి అద్దంలోకి చూశాడు. బెంచీ మీదవాళ్లు ఆయన జవాబు కోసం చూస్తున్నారు.

"పదకొండేళ్లూ పట్టుకున్నది వాళ్లావిడ," అన్నాడు. "ఆయన పట్టుకోవడం అదే మొదటిసారి."